గేటు దగ్గర మనోడు లేడు: మామయ్యతో అంగ్‌కోర్ ప్రయాణం

ముందే చెప్పేస్తున్నాను, ఈ పోస్టు కోపంతో రాస్తున్నాను. కంబోడియా నుంచి వచ్చి నెలన్నర దాటింది, ఇంకా చల్లారలేదు. ఇంటిల్లిపాదినీ తీసుకుని అంగ్‌కోర్ గుళ్లకు వెళ్దామనుకుంటున్నామని ఈమధ్య చాలామంది వివరాలు అడుగుతున్నారు కాబట్టి విమానాలు, ఖర్చులు, టైములు అన్నీ చెబుతాను. మధ్యమధ్య మా ఆయన్ని తిడితే చదివి వదిలేయండి. అతనికి చూపించాకే పోస్టు చేస్తున్నాను.

ఈ ప్రయాణం మొదలైంది మా మామయ్య, అంటే మా ఆయన నాన్న వల్ల. ఆయన పేరు వీరాచారి. తెనాలిలో విగ్రహాలు పోసే ఇంట్లో పుట్టి, కుర్రతనంలో మద్రాసు వెళ్లి, సినిమాలతో పాటే హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో మోల్డింగ్ మేస్త్రీగా స్థిరపడ్డారు. మోల్డింగ్ అంటే సెట్లకు కావలసిన స్తంభాలు, విగ్రహాలు, సింహాసనాలు మట్టితో చేసి, అచ్చు తీసి, ప్లాస్టర్‌తో పోయడం. తెర మీద మీరు చూసి దణ్ణం పెట్టుకున్న రాతి గుళ్లలో ఎన్నో ఆయన చేతి ప్లాస్టరూ, థర్మకోలూ, వెనక నిలబెట్టిన సరుగుడు కర్రలూనూ. ఇరవై రెండేళ్ల క్రితం ఒక పాట కోసం అడవిలో పాడుబడ్డ గుడి కావాలన్నారట. ఆర్ట్ డైరెక్టర్ ఏదో పత్రికలోంచి చించిన బొమ్మ తెచ్చి చేతిలో పెట్టారు. బయోన్ గుడి గోపురం మీద నవ్వీ నవ్వనట్టుండే పెద్ద రాతి ముఖం. ఎదురుగా నిలబడి తీసిన ఫొటో అదొక్కటే. దాన్ని చూసి మామయ్య పద్దెనిమిది అడుగుల ముఖం నిలబెట్టారు. నాలుగు రోజులు పాట తీశారు, ఐదో రోజు పగలగొట్టి లారీకెత్తారు. ఆ చించిన కాగితం మాత్రం ఇప్పటికీ మామయ్య ట్రంకుపెట్టెలో బట్టల కింద ఉంది.

నా పేరు లత. పుట్టింది హనుమకొండ. మోతీనగర్‌లో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన శ్రీధర్ కూడా తండ్రి దారిలోనే ఆర్ట్ డిపార్టుమెంటులో చేరి ఇప్పుడు అసోసియేట్ అయ్యాడు. మధురానగర్‌లో ఉంటాం. మా పాప మేఘనకి తొమ్మిదేళ్లు. దానికి మూడేళ్లప్పుడు మామయ్య ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ కాగితం చూపిస్తూ, "దీన్ని ఒకసారి దగ్గర్నుంచి చూడాలమ్మా," అన్నారు. ఆయన నోటితో ఇది కావాలని అడగడం నా పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఆరోజే ఒక నోటుపుస్తకం కొని మీద 'అంగ్‌కోర్' అని రాశాను.

ఆరేళ్లు పట్టింది. ఎందుకో చెబుతాను, సినిమావాళ్ల ఇంట్లో ఉన్నవాళ్లకి అర్థమవుతుంది. మా ఇంట్లో క్యాలెండరు గోడకి ఊరికే వేలాడుతుంది, నడిచేదంతా హీరోగారి డేట్ల మీదే. మొదటిసారి టికెట్లు తీశాక క్లైమాక్స్ మళ్లీ తీయాలన్నారు. రెండోసారి డేట్లు మారాయి. మూడోసారి గాలివానకి సెట్ పడిపోయింది. మూడుసార్లూ శ్రీధర్ గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "లతా, ఒక చిన్న ప్రాబ్లం" అన్నాడు. మూడుసార్లూ మామయ్య "పోనీలేమ్మా, పని ముందు" అన్నారు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మొగుడి మీద అరవచ్చు, అంత నెమ్మదిగా పోనీలే అన్న మనిషి మీద ఎలా అరుస్తాం?

ఈలోపు మామయ్య కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. మెట్ల మీద తడబడుతున్నారు, పక్కన పెట్టిన గ్లాసు తగిలి పడేస్తున్నారు. పరీక్షలన్నీ చేసి నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. రెండు కళ్లలోనూ పక్కచూపు పోయింది, మధ్యలో గొట్టంలోంచి చూసినంత మిగిలింది. పోయిన చూపు రాదు, ఉన్నది మందులతో కాపాడుకోవాలి, అది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. ఆటోలో ఇంటికొస్తూ నోటుపుస్తకం గుర్తొచ్చింది. ఆ సాయంత్రం శ్రీధర్‌తో చెప్పాను. నాకు కోపమొస్తే నా మాటలోంచి హనుమకొండ బయటికొస్తుంది. "దసరా సెలవులకు పోతున్నం. నువ్వొస్తె రా, లేకుంటె నేను, పాప, మామయ్య పోతం. గీసారి గూడ షూటింగంటె మాత్రం ఊకోను," అన్నాను. ఆశ్చర్యం ఏమిటంటే రెండు రోజుల్లోనే లీవు దొరికిందన్నాడు. నేను నమ్మేశాను. స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చెప్పుకున్నాను కూడా.

ప్లానింగ్ విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. హైదరాబాదు నుంచి బ్యాంకాక్ మూడున్నర గంటలు, అక్కణ్నుంచి సియెం రీప్ ఒక గంట. రెండు నెలల ముందు తీస్తే రానూపోనూ మనిషికి ముప్పై రెండు వేలు పడింది. కంబోడియా ఈ-వీసా ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు, ముప్పై డాలర్లు పైచిలుకు. సియెం రీప్ కొత్త విమానాశ్రయం ఊరికి దాదాపు యాభై కిలోమీటర్లుంటుంది, ట్యాక్సీకి ముప్పై ఐదు డాలర్లిచ్చాం. గుళ్ల పాస్ ఒక రోజుకి ముప్పై ఏడు డాలర్లు, మూడు రోజులకి అరవై రెండు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి అక్కర్లేదు, పాస్‌పోర్టు చూపిస్తే చాలు. ఇవి మేం వెళ్లినప్పటి ధరలు, మీరు బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి. పాస్ మీద ఎవరి ఫొటో వాళ్లది ఉంటుంది. ఈ చివరి ముక్క నా నోటుపుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసి కింద గీత కూడా గీశాను.

అయినా ఏమైందో వినండి. శ్రీధర్ ఒకరోజు నన్ను ఫిల్మ్‌నగర్‌లో నర్సింగ్ ఆఫీసుకి తీసుకెళ్లాడు. నర్సింగ్ అనేవాడు ఫారిన్ షూటింగులకి కోఆర్డినేటర్. యూనిట్ ఏ దేశం వెళ్లినా గదులు, బండ్లు, పర్మిషన్లు, పొద్దున్నే ఇడ్లీ, అన్నీ వాడే చూస్తాడు. నేను పాస్‌ల సంగతి ఎత్తగానే నవ్వాడు.

"వదినా, మీరు ఫికర్ జేయకుండ్రి. గేటుకాడ మనోడుంటడు. అన్న పేరు చెప్తె చాలు, సీదా లోపల్కి తోల్కపోతడు."

"టికెట్లు మనమే కొనుక్కుంటె ఏమైతది?"

"సినిమోళ్లు లైన్ల నిలబడి టికెట్ కొంటరా వదినా?"

శ్రీధర్ కూడా నవ్వాడు. వాళ్ల తప్పు కూడా కాదు, అలవాటు అలాంటిది. పాతికేళ్లుగా ఔట్‌డోర్ వెళ్లడమంటే బస్సెక్కడం, దిగడం, ప్లేటు అందుకోవడం. ఏ కోటకి వెళ్లినా, ఏ గుడికి వెళ్లినా గేటు దగ్గర మనోడు ఒకడుంటాడు. నేను ఇంకా వాదించి ఉండాల్సింది. కానీ మూడుసార్లు ఆగిన ప్రయాణం కదా, మళ్లీ ఎక్కడ బెడిసికొడుతుందోనని నోరు మూసుకున్నాను.

సియెం రీప్ చేరిన మర్నాడే పెద్ద రోజు. అంగ్‌కోర్ వాట్ వెనక నుంచి సూర్యుడు లేవడం చూడాలని ప్రపంచమంతా అక్కడికొస్తుంది. నా నోటుపుస్తకంలో మొదటి పేజీలో ఉన్నది కూడా అదే. నాలుగున్నరకి హోటల్ ముందు టుక్‌టుక్ ఎక్కాం. మన ఆటోలాంటిది కాదు, మోటారుసైకిలుకి తగిలించిన చిన్న బండి, నలుగురం హాయిగా పట్టాం. రోజంతటికీ, సూర్యోదయంతో కలిపి, ఇరవై డాలర్లకి ముందురాత్రే మాట్లాడుకున్నాం. డ్రైవరు పేరు సోఖా, ముప్పై ఏళ్లుంటాయి, ఇంగ్లీషు బాగానే వచ్చు. ఎక్కగానే అడిగిన మొదటి మాట, "టికెట్లు ఉన్నాయా సార్?" శ్రీధర్ దర్జాగా, "ఉన్నాయి, మన మనిషి గేటు దగ్గరున్నాడు," అన్నాడు.

ఐదింటికి చెక్‌పోస్టు దగ్గర దిగాం. మనోడు లేడు. పాస్‌లు చూసే అమ్మాయికి శ్రీధర్ తన పేరు చెప్పాడు, నర్సింగ్ పేరు చెప్పాడు, సినిమా పేరు కూడా చెప్పాడు. ఆ అమ్మాయి మర్యాదగా అన్నీ విని, "ఫొటో ఉన్న పాస్ లేకపోతే లోపలికి వెళ్లడానికి లేదు సార్," అంది. శ్రీధర్ నర్సింగ్‌కి ఫోన్ చేశాడు. మన దేశంలో అప్పుడు మూడున్నర, ఎవడెత్తుతాడు? మళ్లీ చేశాడు. మా పక్కనుంచి టుక్‌టుక్‌లు, సైకిళ్లు, వ్యాన్లు, మెడలో పాస్‌లు వేలాడేసుకున్న ముసలివాళ్లు, పిల్లలు, అందరూ లోపలికి వెళ్లిపోతున్నారు. మామయ్య బండి చువ్వ పట్టుకుని నిలబడ్డారు. పాప ఆయన చెయ్యి వదలలేదు.

"పది నిమిషాలు ఆగు లతా. నర్సింగ్ మాటంటే మాటే," అన్నాడు శ్రీధర్.

ఆ పది నిమిషాలు ఆరుంబావు దాకా సాగాయి. ఆకాశం బూడిద రంగు నుంచి గులాబీ రంగుకి, అందులోంచి పసుపుకి వచ్చింది. ఆరేళ్లు నేను కాగితాల మీద లెక్కపెట్టుకున్న సూర్యోదయం చెక్‌పోస్టు వెనక, చెట్ల పైన, కరెంటు తీగల మధ్య అయిపోయింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏడుపుకి కాదు.

"ఏంది శ్రీధర్ ఇది? పొద్దుగాల్నుంచి ముసలాయనను గీడ నిలబెట్టినవ్. ఏడున్నడు మీ మనోడు? ఎవడు వాడు? పేరన్న తెలుసా నీకు?"

శ్రీధర్ ఫోను వంక చూశాడు. పేరు తెలియదు. నంబరు లేదు. గేటు దగ్గర మనోడుంటాడన్న మాట ఒక్కటే ఉంది. దాన్ని నమ్ముకుని వీసాలు తీసుకుని, సముద్రం దాటి వచ్చాం.

"నువ్వు ఆగు నీ మనోని కోసం. మేం పోతున్నం," అని మామయ్యని, పాపని బండెక్కించాను. సోఖా బండి తిప్పాడు. "ఆఫీసు వెనక్కి వెళ్లాలి మేడం. రాత్రే అడగాల్సింది నేను," అన్నాడు. వాడికున్న బాధ్యత మా ఇంటి మగాడికి లేదు. టికెట్ ఆఫీసు పావుగంట దూరం. పెద్ద హాలు, బోలెడు కౌంటర్లు, లైన్లో మా ముందు ఆరుగురే ఉన్నారు. కౌంటర్లో చిన్న కెమెరా ముందు నిలబడితే అక్కడికక్కడే ఫొటో తీసి పాస్ ఇచ్చారు. నాకొకటి, మామయ్యకొకటి, మూడురోజుల పాస్‌లు. మొత్తం పని ఎనిమిది నిమిషాల్లో అయింది. ఎనిమిది నిమిషాలు.

ఏడున్నరకి సోఖా తనకి తెలిసిన ఒకామె దుకాణం దగ్గర ఆపాడు. రేకుల కింద నాలుగు ప్లాస్టిక్ బల్లలు. బియ్యం గంజిలో కోడిముక్కలు, అల్లం, పైన నిమ్మరసం పిండి ఇస్తారు, గిన్నె రెండు డాలర్లు. కోడి వద్దంటే ఉత్త గంజి కూడా ఇస్తారు. మామయ్యకి అదే తెచ్చింది. గిన్నె పెట్టి ఆవిడ వెళ్లబోయి ఆగింది. మామయ్య చెంచా కోసం బల్ల మీద చేత్తో తడుముతున్నారు. ఆవిడ ఒక్క క్షణం చూసి, గిన్నెని, చెంచాని ఆయన ముక్కుకి సూటిగా జరిపి, కుర్చీతో సహా ఆయన్ని ఎండ పడుతున్న వైపుకి తిప్పింది. సోఖాతో వాళ్ల భాషలో ఏదో అంది.

"ఏమంటోంది?" అని అడిగాను.

"తాతకి వెలుతురు కావాలి అంటోంది. వాళ్ల అమ్మకీ ఇలాగే ఉండేదట," అన్నాడు సోఖా.

మామయ్య గంజి తాగుతూ నెమ్మదిగా అన్నారు, "నువ్వు ఇందాకట్నుంచీ వాడి మీద మండిపడతన్నావు గానీ అమ్మాయ్, ఆ సూర్యోదయం చూసినా నాకేం కనపడేది కాదు. చీకట్లో, మసకలో నాకు అసలేమీ తెలీదు. పైగా అది ఎదురు లైటు. గోపురాలు నల్లగా నీడల్లాగా ఉంటాయి, పనితనం ఏం కనపడద్ది?"

పదో తరగతికి కాంతి పాఠం చెప్పేదాన్ని నేను. కన్ను ఎలా చూస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. నీటికాసుల రిపోర్టు నా చేత్తో ఫైలులో పెట్టాను. ఆ మనిషిని నాలుగింటికి లేపి, చీకట్లో చూపించడానికి తీసుకొచ్చాను.

"మరి ముందే చెప్పొచ్చు గద మామయ్యా?"

"ఎవరన్నా అడిగితే గదమ్మా చెప్పేది. వాడు మనోడున్నాడన్నాడు, నువ్వు సూర్యోదయం అన్నావు. సరే అన్నాను."

ఆయన మాటలో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ కాల్చింది. సెట్లో కూడా అంతే కదా, ఏం కట్టాలో మేస్త్రీకి చెబుతారు, మేస్త్రీని ఎవరూ అడగరు. శ్రీధర్ మీదున్న కోపంలో సగం తీసి నా నెత్తిన వేసుకున్నాను. గిన్నె పక్కకి పెట్టి అడిగాను, "ఇప్పుడు చెప్పున్రి మామయ్యా. ముందు ఏడికి పోదాం?"

"ముఖాల దగ్గరికి," అన్నారు.

సోఖా తలూపాడు. "పొద్దున బయోన్ మంచిది. అంగ్‌కోర్ వాట్ పడమటి వైపుకి తిరిగి ఉంటుంది, సాయంత్రం ఎండ మొత్తం దాని మీదే పడుతుంది." ఆరేళ్ల నా నోటుపుస్తకంలో లేని సమాచారం ఇది. మీరు రాసుకోండి.

తొమ్మిదింటికి బయోన్ చేరాం. దూరం నుంచి చూస్తే రాళ్ల కుప్పలా ఉంటుంది, దగ్గరికి పోయేకొద్దీ ఒక్కో ముఖం బయటపడుతుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లుంటే తొందరపడకండి. నేను ముందు, మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి, వెనక పాప "తాతా, ఇప్పుడు ఎత్తు మెట్టు, ఇప్పుడు పొట్టిది" అని చెబుతూ, ఇరవై నిమిషాలు పట్టింది పైకి రావడానికి. వానలు ఇంకా పూర్తిగా తగ్గలేదు, రాళ్లంతా పచ్చగా నాచు. పైన వసారాలో ముఖాలు మన ఎత్తుకే వచ్చేస్తాయి. మామయ్య మొదటి ముఖం ముందు నిలబడి, రెండడుగులు వెనక్కి, ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆయన చూపు గొట్టంలాంటిది కదా, దగ్గరుంటే ముక్కు కనిపిస్తే పెదవి కనిపించదు. దూరం వెళ్లేకొద్దీ ముఖం ఆ గొట్టంలో పడుతుంది. ఒకచోట ఆగిపోయారు. ఎండ సరిగ్గా చెంప మీద ఉంది.

చాలాసేపు చూశాక దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. అక్కడ చెక్కడాలు ముట్టుకోకూడదు, కాపలా ఉన్నతను ఒక అడుగు ముందుకేశాడు. "ముట్టుకోవద్దంట మామయ్యా," అన్నాను. చెయ్యి అంగుళం దూరంలో ఆగింది. ఆగి, అలాగే గాలిలో కదిలింది. చెంప మీదుగా, పెదవి చివర దాకా, గడ్డం కిందికి, తడి ప్లాస్టర్‌ని అరచేత్తో సాపు చేసినట్టు. కాపలా అతను నిలబడి చూశాడు. అప్పుడు ఒక ఫొటో తీశాను.

"పెదవి నేను ఎక్కువ తేల్చాను. ఇది ఇంకా లోపలికుంది," అన్నారు మామయ్య. తర్వాత ఏం చేశారంటే, గోపురం పక్కనుంచి వెనక్కి నడిచారు. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. సెట్లో పనిచేసిన మనిషి దేన్ని చూసినా ముందు వెనక్కి వెళ్లి చూస్తాడు. అక్కడ కర్రలుంటాయి, మేకులుంటాయి, గోనెపట్టా ఉంటుంది. ఇరవై రెండేళ్ల క్రితం ఆ ముఖం వెనక ఆయన పెట్టిందీ అవే, ఎందుకంటే ఫొటోలో వెనక ఏముందో లేదు. మామయ్య పక్కకి తిరిగితే అక్కడ ఇంకో ముఖం. దాన్ని దాటితే ఇంకోటి. నాలుగో పక్క సగం అరిగిపోయి, పగులు మధ్యలో గడ్డి మొలిచిన మరో ముఖం, అదీ అదే నవ్వు. గోపురం చుట్టూ మూడుసార్లు తిరిగారు. పాప కూడా ఆయనతో తిరిగింది. మూడోసారి నా దగ్గరికొచ్చి ఆగారు. ఆయన కళ్లజోడు కింద తడిగా ఉంది.

"దీనికి వెనకే లేదమ్మా," అన్నారు.

సరిగ్గా అప్పుడు శ్రీధర్ వచ్చాడు. మెడలో పాస్, చొక్కా చెమటతో తడిసింది. ఎనిమిదింటిదాకా మనోడి కోసం చూసి, చివరికి వేరే బండెక్కి, జన్మలో మొదటిసారి లైన్లో నిలబడి టికెట్ కొని, నాన్న ముఖాల దగ్గరే ఉంటారని ఇటే వచ్చాడట. సారీ చెబుతాడనుకున్నాను. అతను బ్యాగులోంచి యాభై అడుగుల టేపు తీశాడు. ఆ టేపు బ్యాంకాక్ విమానాశ్రయంలో పాప చూసి ఎందుకు నాన్నా అంటే అలవాటమ్మా అన్నాడు. ఇప్పుడు టేపు ఒక చేతిలో, ఫోను ఇంకో చేతిలో పట్టుకుని, "నాన్నా, ఆ ముఖం పక్కన నిలబడు, సైజు తెలుస్తుంది," అన్నాడు.

"సైజెందుకు?" అన్నాను.

ఒకసారి నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. కొత్త సినిమాకి ఇలాంటి గుడి సెట్ అనుకుంటున్నారట. డైరెక్టర్ గారు ఎలాగూ వెళ్తున్నావు కదా, చూసి రమ్మన్నారట. అతని టికెట్ డబ్బులు ప్రొడక్షన్‌వాళ్లే ఇచ్చారట. రెండు రోజుల్లో దొరికిన లీవు లీవే కాదు. వాళ్ల నాన్న కళ్ల కోసం పెట్టుకున్న ప్రయాణం అతనికి రెక్కీ, అంటే లొకేషన్ చూసి రావడం. నోట్లోకి వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను, పాప పక్కనే ఉంది కాబట్టి అక్కడ కూడా అనలేకపోయాను. కానీ నేను నోరు తెరిచేలోపే మామయ్య వెళ్లి ముఖం పక్కన నిలబడ్డారు. కొడుకు చెప్పాడు, నిలబడ్డారు. శ్రీధర్ ఎదురుగా నిలబడి ఫొటో తీసుకున్నాడు.

తీశాక మామయ్య అడిగారు. "ఎన్ని పక్కలు కడతావురా?"

"ఒకటే నాన్నా. కెమెరా ఇటువైపే కదా."

"నేనూ అట్టాగే కట్టాను. నా చేతిలో ఒక్క ఫొటోనే ఉంది. దీని వెనక ఏముంటదా అని ఇరవై రెండేళ్లు అనుకున్నాను. నువ్వు ఇక్కడికొచ్చావు, నీ కళ్లు బాగున్నాయి. చుట్టూ ఒకసారి తిరిగి కూడా చూడకుండా ఒక పక్కే కడతావా?"

గొంతు ఎత్తలేదు. కొడుకుని ఆ మాత్రం మాట అనడం కూడా నేను వినలేదు ఇన్నేళ్లలో. శ్రీధర్ చేతిలో టేపు చుట్టుకుపోయి లోపలికి వెళ్లిపోయింది. మామయ్య పాప చెయ్యి పట్టుకుని పక్క గోపురం వైపు నడిచారు. నేను ఆరేళ్లుగా దాచుకున్న తిట్లన్నీ అక్కడ వృథా అయ్యాయి.

మూడింటికి అంగ్‌కోర్ వాట్ వెళ్లాం. సోఖా చెప్పినట్టే పడమటి ఎండ గోపురాల మీద నిండుగా పడింది, గుడి చుట్టూ ఉన్న కందకం అవతల గట్టు మీద కూర్చుంటే మామయ్యకి ఐదు గోపురాలూ ఒక్కసారే కనిపించాయి. రెండు గంటలు అక్కడే కూర్చున్నారు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే పైకి రానివ్వరు. నీళ్లు మోసుకెళ్లండి, తలమీద గుడ్డ కప్పుకోండి. మిగతా రెండు రోజుల్లో చెట్ల వేళ్లు గోడల్ని పట్టుకున్న గుడి, గులాబీ రాతి గుడి కూడా చూశాం. కానీ మామయ్య మూడు రోజులూ పొద్దున్నే బయోన్ తీసుకెళ్లమన్నారు, తీసుకెళ్లాం. శ్రీధర్ టేపు మళ్లీ బయటికి తీయలేదు.

తిరిగొచ్చాక కంటి పరీక్షలో గొట్టం ఇంకాస్త సన్నబడిందన్నారు. ఫిల్మ్‌నగర్ కొండమీద స్టూడియో ఫ్లోర్‌లో సెట్ లేచింది, ముఖం ఒక పక్కే. మిగతా మూడు పక్కలు కట్టాలని అడిగానని, బడ్జెట్ లేదన్నారని శ్రీధర్ చెప్పాడు. అడిగాడో లేదో నాకు తెలియదు, నేను రెట్టించలేదు. అతను తీసినవి రెండొందల ఫొటోలు, అన్నీ ఎదురుగా నిలబడి తీసినవే. ఇప్పుడు పెదవి లోతు సరిగ్గా రావట్లేదట. మామయ్య చెయ్యి చెంప పక్కన గాలిలో ఉన్న ఫొటో నా దగ్గరుంది, పక్కనుంచి తీసింది, అందులో పెదవి ఎంత లోపలికుందో బాగా తెలుస్తుంది. పంపమని రోజూ అడుగుతున్నాడు. ఇంకా పంపలేదు.

చివరిగా ఒక్క సలహా. పాస్‌లు ఎవరివి వాళ్లే ముందురోజు సాయంత్రమే తీసుకోండి, గేటు దగ్గర మీ మనిషి ఎవరూ ఉండరు. దానికంటే ముందు, టికెట్లు తీయకముందే, ఎవరి కోసం వెళ్తున్నారో వాళ్లని కూర్చోబెట్టుకుని ఏ వేళలో బాగా కనిపిస్తుందో, ఏం చూడాలనుందో అడగండి. నేను నోటుపుస్తకం నిండా రాశాను, ఆ ఒక్కటి అడగలేదు.